గోడలు కుదిరాయి, టైమే కుదరడం లేదు: పది రోజుల ప్రదర్శనకి సలహాలు కావాలి

గోడమేకు (వరంగల్)
అందరికీ నమస్కారం. వచ్చే నెల మా దగ్గర ఒక చిన్న హాల్లో పది రోజుల ప్రదర్శన పెడుతున్నాం. క్యూరేటర్ (ప్రదర్శనలో ఏది, ఎక్కడ, ఎలా పెట్టాలో తేల్చే మనిషి) అనిపించుకునేంత చదువు నాకు లేదు. మేకులు కొట్టేది, లైట్లు బిగించేది, లేబుళ్లు రాసేది నేనే కాబట్టి అడుగుతున్నా.

ఉన్న సరుకు ఇదీ: ఒక కుటుంబం నమ్మి ఇచ్చిన పాత చేర్యాల పటం (కథ చెప్పడానికి గుడ్డ మీద బొమ్మలు వేసిన పొడవాటి చుట్ట), మార్కండేయ పురాణం, ముప్పై అడుగుల పైమాటే. నీటిరంగుల్లో వేసిన పాత కాగితం బొమ్మలు ఓ ఇరవై. ఇద్దరు కుర్రాళ్ల వీడియోలు, రెండూ కలిపి గంటా ముప్పై నాలుగు నిమిషాలు.

ఏ గోడకి ఏది అన్నది టేపుతో కొలిచి గీసేసుకున్నాం. తేలనిది టైం. పటం కథ చెప్పే పెద్దాయన మూడు రాత్రులైనా ఇవ్వమంటున్నారు. వచ్చేవాళ్లు అరగంట నిలబడితే గొప్ప. ఎవరికి ఎంత టైం ఇవ్వాలో ఎలా తేలుస్తారు? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

వేపకాయ (కాకినాడ)
పది రోజుల ముచ్చటకి ఇంత ఆలోచనా? జనం వస్తారు, చూస్తారు, సెల్ఫీ దిగుతారు, పోతారు.

అసలు సంగతి మీరు చెప్పనేలేదు. హాలు ఏ వేళల్లో తెరుస్తున్నారు? నేను చూసిన బొమ్మల ప్రదర్శనలన్నీ పదకొండు నుంచి అయిదు. రిటైరైనవాళ్లూ కాలేజీ ఎగ్గొట్టినవాళ్లూ తప్ప ఇంకెవరూ రాకూడదని ముందే తీర్మానించుకున్నట్టు ఉంటుంది. టైం గురించి మాట్లాడాలంటే అక్కడ మొదలెట్టండి.

ప్రొజెక్టర్‌దుమ్ము (హైదరాబాద్)
వేపకాయ గారి రెండో పేరా నూటికి నూరుపాళ్లు నిజం. మొదటిదాని మీద మాత్రం పేచీ.

నేను వీడియోలు చేస్తాను కాబట్టి నా గోడు ముందు చెప్తా. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో సందర్శకులు ఒక్కో బొమ్మ ముందు ఎంతసేపు నిలబడుతున్నారో లెక్కగట్టి 2001లో ఒక అధ్యయనం వేశారు. సగటు 27.2 సెకన్లు. మధ్యస్థం (సగంమంది అంతకన్నా తక్కువ, సగంమంది ఎక్కువ నిలబడే లెక్క) తీసుకుంటే 17 సెకన్లే. లేబుల్ చదవడం కూడా అందులోనే. లోకంలో పేరున్న పెయింటింగుల గతే అది. ఇక నా నలభై నిమిషాల వీడియో ముందు ఎవరు కూర్చుంటారు?

పెయింటింగ్ ముందు ఎంతసేపు ఉండాలో చూసేవాళ్లు తేల్చుకుంటారు. వీడియో అలా కాదు, తన టైం తానే తెచ్చుకుని వస్తుంది. దాన్ని లూప్‌లో పెట్టి వదిలేస్తే అందరూ మధ్యలో వచ్చి మధ్యలో పోతారు. "ఏదో నడుస్తోంది" అన్న జ్ఞాపకం తప్ప ఏమీ మిగలదు. అన్నా, ఒక్క మాట చెప్పు: ఆ రెండు వీడియోల్లో మొదటినుంచీ చూసి తీరాల్సింది ఏది? ఎక్కడ మొదలుపెట్టినా పర్లేదన్నది ఏది?

గోడమేకు (వరంగల్)
మొదటిది 82 నిమిషాలు, ఒక మగ్గం ముందు కెమెరా పెట్టి తీసింది. ఎక్కడ చూసినా నేత నడుస్తుంటుంది. రెండోది 12 నిమిషాలు, దానికి కథ ఉంది.

ప్రొజెక్టర్‌దుమ్ము (హైదరాబాద్)
అయితే సగం పని అయిపోయింది. మగ్గం వీడియో లూప్‌లో వదిలెయ్, తలుపు దగ్గర, శబ్దంతో సహా. పన్నెండు నిమిషాలది మాత్రం గంటకి మూడుసార్లు, వేళలు రాసి పెట్టు: గంటకి, ఇరవైకి, నలభైకి. లేబుల్ మీద నిడివి తప్పకుండా రాయాలి. చాలామంది లేచిపోయేది విసుగొచ్చి కాదు, ఇంకెంతసేపు ఉందో తెలియక.

ఇంకోటి: వీపు ఆన్చుకునే కుర్చీలు వెయ్. ఉత్త బెంచీ వేశావంటే ఆరో నిమిషానికి నడుం గుర్తొస్తుంది.

పొగమంచు (లండన్)
కూర్చునే సంగతి వచ్చింది కాబట్టి. క్రిస్టియన్ మార్క్లే అనే కళాకారుడి 'ద క్లాక్' 2018లో ఇక్కడ టేట్ మోడర్న్ మ్యూజియంలో పెట్టినప్పుడు చూశాను. 2010లో చేసింది, తర్వాతి ఏడాది వెనిస్ బియెనాలెలో (రెండేళ్లకోసారి జరిగే పెద్ద కళా ప్రదర్శన) గోల్డెన్ లయన్ బహుమతి వచ్చింది. వేల సినిమాల ముక్కలు అతికించిన 24 గంటల వీడియో. తెర మీద గోడగడియారమో చేతివాచీయో ఏ టైం చూపిస్తే బయట కూడా అదే టైం. సోఫాలు ఎలా ఉండాలో, ఎలా వేయాలో కూడా ఆయనే చెప్పాడు.

దీనికో షరతు ఉంది. ప్రదర్శించే మ్యూజియం కనీసం కొన్నిసార్లయినా రాత్రంతా తెరిచి ఉంచాలి. లేకపోతే తెల్లవారుజామున మూడింటి భాగం ఎప్పటికీ ఎవరి కంటా పడదు కదా. అంటే మ్యూజియం డ్యూటీ వేళలు, సెక్యూరిటీ వాళ్ల షిఫ్టులు, ఓవర్‌టైమ్ జీతాలు అన్నింటినీ ఒక కళాకృతి మార్పించింది. క్యూరేటర్ పనిలో సగం ఇదేనని నాకు అప్పుడే తెలిసింది.

వేపకాయ (కాకినాడ)
బాబూ, అది టేట్. ఇక్కడ రాత్రి తొమ్మిది దాటితే వాచ్‌మన్ తాళం వేసి పోతాడు.

మూసీగట్టు (హైదరాబాద్ పాతబస్తీ)
టేట్ దాకా ఎందుకు సార్, సాలార్‌జంగ్ మ్యూజియంలో మన గడియారం లేదా? గంట కొట్టే వేళకి చిన్న బొమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు కొట్టి లోపలికి పోతుంది. పన్నెండింటికి ఎక్కువ దెబ్బలు కాబట్టి అప్పుడే ఎక్కువ జనం. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని ముందునుంచే చోటు పట్టుకుని కూర్చుంటారు.

అక్కడ నాకు నచ్చేది జనాన్ని చూడటం. అదే మ్యూజియంలో బెంజోనీ చెక్కిన 'వెయిల్డ్ రెబెక్కా' ఉంది, పాలరాతి మేలిముసుగు వెనక మొహం కనపడుతుంది. దాని ముందు ఎవరైనా ఎప్పుడైనా నిలబడొచ్చు, ఎప్పుడైనా పోవచ్చు. గడియారం దగ్గర అలా కుదరదు, దాని టైంకి మనం రావాలి. అందుకే ఇంటికెళ్లాక అందరూ దాని గురించే చెప్తారు. గోడమేకు అన్నా, నీ పటం కథకి కూడా అట్లా ఒక వేళ కట్టు. "ఎప్పుడైనా రండి" అంటే ఎవరూ రారు. "ఆరున్నరకి మొదలు" అను, వస్తారు.

వేపకాయ (కాకినాడ)
ఆ గడియారం వల్ల జరిగే చెడు కూడా చెప్పండి మరి. పన్నెండు కావస్తోందంటే చుట్టుపక్కల గదులు ఖాళీ. గంట కోసం ఎదురుచూసే జనానికి మిగతావన్నీ వెయిటింగ్ రూమ్ గోడలే. వేళ కట్టి ఒకదాన్ని తమాషా చేస్తే పక్కన కాగితం బొమ్మల్ని ఎవడు చూస్తాడు?

సీసాబుడ్డి (చెన్నై)
కాగితం బొమ్మల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. నేను మ్యూజియం వస్తువుల సంరక్షణ పనిలో ఉన్నాను. ఆ ఇరవై నీటిరంగు బొమ్మల్ని ఏ గోడకి పెడుతున్నారు? హాల్లో కిటికీలు ఎటు ఉన్నాయి?

గోడమేకు (వరంగల్)
పడమటి గోడకి పెద్ద కిటికీలు మూడు. బొమ్మలు దానికి ఎదురు గోడకి మేడం. వెలుతురు బాగా పడుతుందని.

సీసాబుడ్డి (చెన్నై)
దయచేసి మార్చండి. ఎందుకో లెక్కేసి చూపిస్తాను.

కాగితానికి, బట్టకి, నీటిరంగులకి మ్యూజియాల్లో సాధారణంగా 50 లక్సుల (లక్సు అంటే వెలుతురు కొలత) వెలుతురు దాటనివ్వరు. వెలుతురు చేసే నష్టం పోగుపడుతూ పోతుంది, చీకట్లో పెట్టినంత మాత్రాన పోయిన రంగు తిరిగి రాదు. లక్సుల్ని గంటలతో గుణించి లెక్క చూస్తాం. 50 లక్సుల్లో రోజుకి ఎనిమిది గంటల చొప్పున పది రోజులు పెడితే 4,000 లక్సు-గంటలు. కిటికీ వెలుతురు పడే గోడ మీద 500 లక్సులు ఉండటం పెద్ద విశేషం కాదు. అదే పది రోజులకి 40,000. అంటే ఆ బొమ్మలకి మీది పది రోజుల ప్రదర్శన కాదు, వంద రోజులది. సాయంత్రం పడమటి ఎండ నేరుగా పడితే లెక్క చెప్పడానికే భయం. నేరుగా పడే మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్సుల దాకా ఉంటుంది. అలాంటిది ఒక్క గంట పడితే 50 లక్సుల్లో 250 రోజులు వేలాడదీసినట్టు. అల్ట్రావయొలెట్ నష్టం వేరే.

పెద్ద మ్యూజియాల్లో సూక్ష్మచిత్రాల్ని కొన్ని నెలలు బయటపెట్టి మళ్లీ పెట్టెల్లోకి పంపేది ఇందుకే. "పోయినసారి వచ్చినప్పుడు ఇక్కడ ఉండేది, దాచేశారు" అని సందర్శకులు కోప్పడతారు. ప్రతి బొమ్మకీ వెలుతురులో ఉండగల టైం ఇంత అని ఉంటుంది. దాన్ని ఎవరి కళ్ల కోసం ఖర్చు పెడుతున్నాం అన్నదే క్యూరేటర్ తేల్చాల్సింది.

గోడమేకు (వరంగల్)
మేడం, చదివాక ఒళ్లు జలదరించింది. కిటికీలకి మందం తెరలు కుట్టిస్తున్నాం, బొమ్మలు లోపలి గోడకి మారుస్తున్నాం. మరి పటం సంగతి? గోడ పొడవునా పరిచేద్దాం అనుకున్నా.

పటంకట్టె (సిద్దిపేట)
అన్నా, గోడ పొడుగున ఎట్ల పరుస్తవ్? చేర్యాల పటం నిలువుల విప్పేది. మీదికెళ్లి కిందికి కథ నడుస్తది, అడ్డం పరిస్తే మార్కండేయుడు పక్కకు పండుకుంటడు. ముప్పై అడుగులు నిలువుల అంటే మూడంతస్తుల గోడ గావాలె. నీ హాలు ఎత్తెంత?

గోడమేకు (వరంగల్)
పదకొండు అడుగులు. 🙏

పటంకట్టె (సిద్దిపేట)
గందుకే అడిగిన. అసలు పటం మొత్తం ఒక్కపారి జూసుడు అనేదే లేదు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేది కూనపులోళ్లు. రజకులకు మడేలు పురాణం చెప్పేటోళ్లు వేరే. వాళ్ల వాళ్ల ఊర్లు తిరిగి, పటం కట్టి, కట్టెతోటి బొమ్మ చూపెట్టుకుంట పాడుతరు, కొన్ని రాత్రులు నడుస్తది. చెప్పిన కథ చుట్టుకుంట పోతది, చెప్పవల్సింది ఇంక చుట్టలనే ఉంటది. రేపు రాత్రి ఏమైతదో కూసున్నోళ్లకు కనవడది. యముడు వచ్చే బొమ్మ మొదటి దినమే గోడకు వెడితే ఇగ కథ చెప్పుడు ఎందుకు?

నన్నడిగితే దినాం కొంచెం కొంచెం విప్పు. పది దినాలు పది ముక్కలు. సాయంత్రం పెద్దాయన వచ్చి ఆ దినం ముక్క చెప్తడు.

మూసీగట్టు (హైదరాబాద్ పాతబస్తీ)
వా! ఇదే నేను చెప్పింది. రోజుకో ముక్క, ఆరున్నరకి.

ప్రొజెక్టర్‌దుమ్ము (హైదరాబాద్)
వినడానికి బాగుంది. కానీ మహబూబాబాద్ నుంచి పిల్లాజెల్లాతో ఆదివారం ఒక్కరోజు వచ్చినవాళ్ల సంగతి? వాళ్లకి కనిపించేది నాలుగో ముక్క మాత్రమే. పల్లెలో అందరూ అక్కడే ఉంటారు, రేపు మళ్లీ వస్తారు. హాలుకొచ్చేవాళ్లు ఒక్కసారే వస్తారు. రెండు రకాల జనానికి ఒకే రకం టైం ఇవ్వడం కుదురుతుందా?

పటంకట్టె (సిద్దిపేట)
ఒక్క ముక్క మంచిగ జూస్తే సాలదా? కొచ్చికి పోయినోళ్లు మొత్తం జూసే వస్తున్నరా?

వేపకాయ (కాకినాడ)
కొచ్చి పేరెత్తారు కాబట్టి నేనూ నాలుగు ముక్కలు. కొచ్చి-ముజిరిస్ బియెనాలె 2012లో డిసెంబరు 12న మొదలైంది, 12-12-12 అని. అప్పట్నుంచీ డిసెంబరు 12 అంటే వాళ్లకి ముహూర్తమే. అయిదో విడత 2020లో జరగాల్సింది, కోవిడ్ వల్ల 2022కి పోయింది. తీరా ఆ రోజు వచ్చాక, తెరవడానికి కొద్ది గంటల ముందు, డిసెంబరు 23కి వాయిదా అన్నారు. వర్షాలు, సరుకు ఆలస్యంగా రావడం, వేదికలు సిద్ధం కాకపోవడం. విదేశాల నుంచి టికెట్లు కొనుక్కుని వచ్చినవాళ్లు తాళం వేసిన ఆస్పిన్‌వాల్ హౌస్ (అక్కడి ప్రధాన వేదిక) గేట్లు చూసి వెళ్లారు. కళాకారులు, క్యూరేటర్ షుబిగీ రావుతో సహా, బహిరంగ లేఖ రాశారు. అదిగో, మీరంతా గాల్లో మాట్లాడే టైం అక్కడ కరెంటు కనెక్షన్, కస్టమ్స్ కాగితం, కూలీల లెక్క. అందుకే నేను మొదట్నుంచీ అంటున్నా: తెరిచే తారీఖుకి తెరిచి చూపించండి, తర్వాత వేదాంతం.

పొగమంచు (లండన్)
వేపకాయ గారూ, మీరు చెప్పింది కూడా క్యూరేటర్ పనేనండీ, ఇంకేదో కాదు. ఆ మరుసటి విడతకి, 2025 డిసెంబరులో మొదలైనదానికి, క్యూరేటర్‌గా నిఖిల్ చోప్రా అనే కళాకారుణ్ని పెట్టుకున్నారు, గోవాలో కళాకారులు నడిపే హెచ్‌హెచ్ ఆర్ట్ స్పేసెస్‌తో కలిపి. ఆయన అసలు పనే టైంతో. 2019లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో వరసగా తొమ్మిది రోజులు అక్కడే తిని, అక్కడే పడుకుని, వేషాలు మారుస్తూ గదుల్లో తిరుగుతూ బొమ్మ గీశాడు. అలాంటి పనిని ఎవరైనా మొత్తం చూడగలరా? చూడలేరు. ఎవరి ముక్క వాళ్లది.

ప్రొజెక్టర్‌దుమ్ము (హైదరాబాద్)
మొత్తం చూడలేని పనిని తర్వాత ఎలా ప్రదర్శిస్తారన్నది ఇంకా చిక్కు. తెచింగ్ శే అని తైవాన్ నుంచి న్యూయార్క్ వెళ్లిన కళాకారుడు. 1980 ఏప్రిల్ నుంచి 1981 ఏప్రిల్ దాకా గంటగంటకీ, రాత్రీ పగలూ, ఫ్యాక్టరీల్లో కార్డు పంచ్ చేసే గడియారం మీద పంచ్ కొట్టాడు. ఏడాదికి 8,760 గంటలు. తప్పినవి 133. పంచ్ కొట్టినప్పుడల్లా సినిమా కెమెరాతో ఒక్క ఫ్రేము తీసుకున్నాడు. ఏడాది మొత్తం ఆరు నిమిషాల ఫిల్ము. గుండు కొట్టించుకుని మొదలుపెట్టాడు కాబట్టి ఆ ఆరు నిమిషాల్లో జుట్టు భుజాల దాకా పెరుగుతుంది.

2017లో వెనిస్‌లో తైవాన్ తరఫున ఈ పనిని ప్రదర్శించారు. ఫిల్ముతో పాటు ఆ పంచ్ కార్డులు కూడా గోడల నిండా పెడతారు. ఫిల్ము చూస్తే సరదాగా ఉంటుంది. కార్డులు చూస్తే భయం వేస్తుంది, వరసగా నిద్రలేని ఏడాది. ఏది ముందు కనపడాలి, ఏది తర్వాత అన్నదాంతోనే అర్థం మారిపోతుంది.

గోడమేకు (వరంగల్)
ఇది నాకు బాగా పనికొచ్చింది. పటానికి కూడా రెండు దారులు పెట్టొచ్చు అనిపిస్తోంది. ఒక మూల మొత్తం పటం ఫొటో అచ్చు వేసి చిన్న సైజులో, ఒక్కరోజు వచ్చినవాళ్ల కోసం. అసలు పటం మాత్రం రోజుకో ముక్క.

పటంకట్టె (సిద్దిపేట)
ఫొటో లోపల్నే, ఆఖర్ల వెట్టు. దర్వాజ కాడ వెట్టకు.

సీసాబుడ్డి (చెన్నై)
క్షమించాలి, నేను మళ్లీ అడ్డుపడుతున్నాను. పాత పటాన్ని రోజూ విప్పి చుట్టడం కుదరదు. గుడ్డ మీద సుద్దమన్ను పూత, దాని మీద రంగు. చుట్టిన ప్రతిసారీ ఆ పూత వంగుతుంది. కొత్త పటానికి ఇబ్బంది లేదు, పాతదానికి మడతల దగ్గర పొలుసులు లేచి రాలుతుంది. పటంకట్టె గారు చెప్పిన పద్ధతి ఆ పటం పుట్టిన పద్ధతే, కాదనను. కానీ ఆ రోజుల్లో పటం పాతబడితే నకాషీల (పటాలు రాసే చిత్రకారుల) దగ్గర కొత్తది రాయించుకునేవారు. ఇప్పుడా కుటుంబం దగ్గర ఉన్నది ఇదొక్కటే.

పటంకట్టె (సిద్దిపేట)
మేడం మాట నిజమే. కని చుట్టల వెట్టి దాస్తే అది పటం గాదు, బట్ట.

సీసాబుడ్డి (చెన్నై)
ఒప్పుకుంటాను. అందుకే అడుగుతున్నా, కథ చెప్పే పెద్దాయన దగ్గర ఆయన సొంత పటం లేదా?

గోడమేకు (వరంగల్)
ఉంది. కొత్తగా రాయించుకున్నదే. ఆయన మొదట అడిగింది కూడా అదే, "నా పటం మీద చెప్తా, ఆ ముసలి పటాన్ని ఎందుకు కష్టపెడతారు" అని. పాతదైతే చూడటానికి ఘనంగా ఉంటుందని నేనే పట్టుబట్టాను.

సీసాబుడ్డి (చెన్నై)
ఇంకేం, సమస్యే లేదు. కథ ఆయన పటం మీద నడవనివ్వండి, ఎన్ని రాత్రులైనా. పాత పటం పక్కన తక్కువ వెలుతురులో, ఒక ఎనిమిది అడుగుల భాగం విప్పి ఉంచండి. పది రోజుల్లో ఒక్కసారి, అయిదో రోజు రాత్రి, జనం లేనప్పుడు ముక్క మార్చండి. వెడల్పాటి పైపు మీద చుట్టండి, సన్న కర్ర మీద వద్దు, మధ్యలో శుభ్రమైన నూలుగుడ్డ వేయండి. ఇద్దరు పట్టుకోవాలి, మూడో మనిషి దీపం పట్టుకోవాలి.

మూసీగట్టు (హైదరాబాద్ పాతబస్తీ)
ఆ ముక్క మార్చడం జనం ముందే చేస్తే? చూడ్డానికి నేనైతే వస్తా.

సీసాబుడ్డి (చెన్నై)
వద్దు. చూసేవాళ్లుంటే చేతులు తొందరపడతాయి.

నిర్వాహకులు
చర్చ పొడుగైంది కానీ పనికొచ్చేదే, తెరిచే ఉంచుతున్నాం. కొచ్చి వాయిదా గురించి వాదన పెంచుకోదలచినవాళ్లు వేరే చర్చ మొదలుపెట్టుకోండి.

పొగమంచు (లండన్)
పోయేముందు ఇంకొక్కటి. అయిదేళ్లకోసారి జర్మనీలోని కాసెల్‌లో డాక్యుమెంటా అనే పెద్ద కళా ప్రదర్శన జరుగుతుంది, నూరు రోజులు. 1982లో అక్కడ జోసెఫ్ బాయిస్ అనే కళాకారుడు మ్యూజియం ముందు బసాల్టు రాళ్లు 7,000 గుట్టపోసి, ఊళ్లో ఎక్కడైనా ఒక మొక్క నాటితేనే ఒక రాయి తీసుకెళ్లి దాని పక్కన పాతాలన్నాడు. నూరు రోజుల్లో గుట్ట కరగలేదు. ఊరి జనానికి అది కంటికి కంపరం, తిట్టుకున్నారు. చివరి చెట్టు 1987లో, తర్వాతి డాక్యుమెంటాకి పడింది, అప్పటికి బాయిస్ పోయాడు. ఇప్పుడు రాళ్లు అంతే ఉన్నాయి, చెట్లు వాటిని దాటి ఎక్కడికో పోయాయి. ప్రదర్శన ముగిసే తారీఖు ఆహ్వానపత్రిక మీదే ముగుస్తుంది అనుకోనక్కర్లేదని చెప్పడానికి రాశాను. గోడమేకు అన్నా, నీ పది రోజుల తర్వాత పటం ఎక్కడికి పోతుంది?

గోడమేకు (వరంగల్)
ఆ కుటుంబం దగ్గరికే, ఇనప పెట్టెలోకి. సీసాబుడ్డి మేడం ఆ పెట్టె సంగతి కూడా చెప్తే వాళ్లకి రాసిస్తాను. వాళ్లింట్లో అది అటకమీద ఉండేది.

ఇప్పటిదాకా తేలింది రాస్తున్నా, తప్పుంటే కొట్టండి. హాలు మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి తొమ్మిది దాకా (వేపకాయ గారి పుణ్యం). మగ్గం వీడియో తలుపు దగ్గర నడుస్తూ ఉంటుంది. పన్నెండు నిమిషాలది గంటకి మూడుసార్లు, కానీ ఆరున్నర తర్వాత ఆపేస్తాం, కథ గొంతుకి అడ్డు రాకుండా. కథ శుక్ర, శని, ఆదివారాలు, మూడు రాత్రులు, పెద్దాయన ఎప్పుడు ఆపితే అప్పుడే తాళం. వాచ్‌మన్‌తో మాట్లాడాను, ఆ మూడు రాత్రులకి వేరే డబ్బు అడిగాడు, ఇస్తున్నాం.

వేపకాయ (కాకినాడ)
లేబుళ్లలో ఆ డబ్బు సంగతి కూడా రాయండి. నిజంగానే అంటున్నా. "ఈ మూడు రాత్రులు హాలు తెరిచి ఉంచింది ఫలానా ఆయన" అని. పటం ఇచ్చిన కుటుంబం పేరు రాస్తారుగా?

గోడమేకు (వరంగల్)
కుటుంబం పేరు వద్దన్నారు. వాచ్‌మన్‌ని అడిగి చూస్తాను.

సీసాబుడ్డి (చెన్నై)
ఇనప పెట్టె వద్దు, వానాకాలం లోపల చెమ్మ పట్టి తుప్పు మరకలు పడతాయి. మడతపెట్టొద్దు, పైపు మీద చుట్టే ఉంచాలి, పైన ఉతికిన నూలుగుడ్డ, నేలకి ఎత్తుగా, అటకమీద కాకుండా. ఆర్నెల్లకోసారి తీసి పురుగు చూడమనండి. ఇక కిటికీ తెరలు కట్టాక పటం దగ్గర ఎన్ని లక్సులు వస్తోందో కొలిచి ఇక్కడ పెట్టండి. ఫోన్ యాప్ అంకెలు నమ్మొద్దు, దగ్గర్లో ఫొటో స్టూడియో ఉంటే లైట్ మీటర్ అడగండి.